మా ఊరి మట్టి సంచులు

ఎమ్మెస్సీ చివరి ఏడాది నా పరిశోధన మా ఊరి చేల మట్టి మీదే. మాది నారాయణఖేడ్ దగ్గర, మనూర్ వైపు. పన్నెండు చేల నుంచి మట్టి తీసి, అందులో సేంద్రియ కర్బనం ఎంతుందో తేల్చాలి. మట్టి తేవడం నా వంతు. దాన్ని ల్యాబ్‌లో పరీక్షించడం నాతోపాటు చదివే అమ్మాయి వంతు.

ఫలితాలు చూడగానే నాకు తిక్క రేగింది. పన్నెండు సంచుల్లో పదింటికి అంకెలు ఆకాశంలో ఉన్నాయి. వానకు మొహం వాచిన మా చేలల్లో అంత సారమా? ఎవరి చెవిలో పూలు పెడుతోంది! పరీక్షలు చేయాల్సిన వారమంతా ఆమె ఫోన్ పట్టుకుని వరండాలో తిరగడం చూశాను. ఆమ్లం కలిపి, రంగు మారేదాకా చుక్క చుక్కగా పోస్తూ కూర్చోవడం విసుగు పని. చేయకుండానే అంకెలు వేసేసిందని అనుమానం పట్టుకుంది. ఇక ఆమె నవ్వినా, టీ తెచ్చిచ్చినా, ఏదో దాస్తోందనే అనిపించేది. ఆమె లేనప్పుడు రికార్డు పుస్తకం తిరగేశాను. ఒక్క కొట్టివేత లేదు. నిజంగా పని చేసినవాళ్లు ఇంత శుభ్రంగా రాస్తారా?

ఆమెను అడగలేదు. నేరుగా మా గైడ్ దగ్గరికి వెళ్లి, "సార్, ఆమె లెక్కలు ఒకసారి చూడండి" అన్నాను.

"మట్టి నువ్వే తీశావా?" అన్నారాయన.

"నేనే సార్."

నిజానికి సెమినార్ ఉందని నేను అసలు ఊరికి పోనేలేదు. ఖాళీ సంచుల మీద ఒక్కో రైతు పేరు రాసి బస్సులో పంపి, ఎక్కడెక్కడ తవ్వాలో అమ్మకు ఫోన్లో చెప్పాను. సార్ ఆ అమ్మాయిని ల్యాబ్ పని నుంచి తప్పించి, మళ్లీ మట్టి తెమ్మని నన్ను పంపారు.

ఇంటికి చేరి పార పట్టుకుని బయల్దేరుతుంటే అమ్మ ఆపింది.

"గంత దూరం ఎందుకే? పెంటకుప్ప పక్కన మట్టి తీస్కపో. పోయినసారి గదే పంపిన."

"చేను మట్టి అడిగితే పెంటకుప్ప మట్టి పంపినవా అమ్మా?"

"సంచి మీద మీ నాయిన పేరు రాస్తివి. గా రాళ్ల చెల్క మట్టి పంపితే యూనివర్సిటోళ్ల ముందట నీకు ఇజ్జత్ ఉంటదా? మంచి మట్టి చూసి పెట్టుండ్రని అందరికీ నేనే చెప్పిన. ఇద్దరే ఇనలే."

 ల్యాబ్‌లో ఆ అమ్మాయి వేసిన అంకెల్లో ఒక్కటీ తప్పు కాదు. సార్‌తో అబద్ధం చెప్పింది నేనే.

తిరుగు బస్సులో, కొత్త మట్టి సంచులు కాళ్ల దగ్గర పెట్టుకుని, నిజం చెప్పకుండా బయటపడే దారి కోసం వెతికాను. సిగ్గుగా ఉంది ఒప్పుకోవడానికి. ఈసారి అంకెలు పడిపోతాయి. నేను నోరు మూసుకుంటే దొంగ ఆమే అవుతుంది.

మర్నాడు ఆమె ముందే సార్‌కు అంతా చెప్పాను. ఆయన తిట్టిన తిట్లు వరండా దాకా వినిపించాయట. ఆమెకు ల్యాబ్ పని తిరిగి ఇచ్చారు. క్షమించమని అడిగితే "సరేలే" అంది.

అప్పట్నుంచి నా సంచి విప్పే ముందు ప్రతిసారీ నన్ను పిలుస్తుంది. పక్కన నిలబెట్టి, రంగు మారేదాకా కదలనివ్వదు.

"బాగా చూసుకో" అంటుంది. "తర్వాత సార్ దగ్గరికి పోవాల్సిన పని ఉండదు."