భయపడుతూ కట్టిన అంతస్తు

మా ఎదురు ఫ్లాట్ బాబాయి గారు పోయారు. పొద్దున్నే పాలు కాస్తుంటే పిన్ని గారు తలుపు కొట్టి, "ఎంత లేపినా లేవట్లేదమ్మా" అన్నారు. మేం వెళ్ళి చూసేసరికే అంతా అయిపోయింది. చుట్టరికం లేకపోయినా నోరారా బాబాయి అని పిలుచుకున్న మనిషి. కానీ మీ దగ్గర దాపరికం ఎందుకు, నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఇక ఈ ఇంటిని ఎవరు కనిపెట్టుకుని ఉంటారన్నదే నాకు తోచిన మొదటి ఆలోచన. ఏడుపు తర్వాత, పిన్ని గారి పక్కన చాప మీద కూర్చున్నాక వచ్చింది.

మేముండేది పటమటలో, ఒకప్పటి ఆఫీసు భవనంలో. ఆఫీసులు ఒక్కొక్కటే ఖాళీ చేసి వెళ్ళిపోగా, బూజు పట్టి పడున్న అయిదంతస్తులనూ ఫ్లాట్లుగా మార్చి, పైన మరో రెండు అంతస్తులు లేపారు. పాత స్తంభాలు కొత్తగా ఇటుక గోడల బరువు మోయలేవట. అందుకని పై రెండంతస్తుల గోడలూ నేలలూ అన్నీ సన్నటి ఉక్కు చట్రాలతో కట్టి, వాటికి పలకలు బిగించారు. ఆ పని దగ్గరుండి చేయించిన ఇంజినీరు మా బాబాయి గారే. అయ్యాక ఆ కొత్త అంతస్తుల్లో కిందిదాంట్లోనే, మా ఎదురుగా ఫ్లాట్ తీసుకున్నారు. కట్టినవాడే అందులో పడుకోకపోతే ఇంకెవరు పడుకుంటారని ఆయన వాదన.

మేం దిగిన రోజు మా అమ్మ గోడ మీద వేళ్ళతో కొట్టి చూసింది. "ఇదేం గోడే, డబ్బాలా మోగుతోంది" అంది. ఉండమన్నా ఉండకుండా సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయింది. నేను బిక్కమొహం వేసుకుని ఎదురింటికి వెళ్ళాను, కాస్త ధైర్యం చెబుతారని. చెప్పలేదు. "నేను భయపడుతూనే కట్టానమ్మాయ్. నువ్వూ కొంచెం భయపడుతూ కాపురం చెయ్యి" అన్నారు. ఇల్లు కట్టించినవాడు అనాల్సిన మాటేనా ఇది? వారం రోజులు ఆయన మీద కోపంగానే ఉన్నాను.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక అయస్కాంతం ఉండేది. ఎవరింట్లోనైనా దేవుడి పటానికి మేకు కొట్టాలంటే, ఆయన వచ్చి గోడంతా దాంతో తడిమి, పలక వెనక ఉక్కు ఎక్కడుందో చూసి, అక్కడే కొట్టనిచ్చేవారు. గృహప్రవేశానికి పిలిస్తే విస్తరి ముందు కూర్చుని సీలింగ్ వంకే చూసేవారు. వడ్డించేవాళ్ళు బూరెలు నచ్చలేదేమోనని నొచ్చుకునేవారు. నడవాలో నడుస్తూ నడుస్తూ ఆగి గోడకు చెవి ఆనించేవారు. ఏం వినపడుతోంది బాబాయి గారూ అని నేను ఆటపట్టిస్తే, "ఏమీ వినపడకూడదనే వింటున్నానమ్మాయ్" అనేవారు. పై ఫ్లాటాయన అయితే ఆయనకు పిరికి బాబాయి అని పేరే పెట్టాడు.

ఆ పై ఫ్లాట్ వాళ్ళకు పామర్రు దగ్గర పొలం ఉంది. కోతలయ్యాక ఏడాది తిండికి బియ్యం ఆడించి తెచ్చుకోవడం మన వైపు ఉన్నదే. మేం దిగిన మొదటి ఏడు వాళ్ళు బస్తాలన్నీ పడగ్గది మూలన ఒకదాని మీద ఒకటి పేర్చారు. సరిగ్గా దాని కిందే మా పాప మంచం. అదేమీ నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా మా పడగ్గది తలుపు పైన పట్టేస్తోందని. చెమ్మకు చెక్క ఉబ్బిందనుకుని, భుజంతో నెట్టి వేసుకుంటున్నాను.

ఆ కీచుమన్న చప్పుడు నడవాలో ఉన్న బాబాయి గారి చెవిన పడింది. లోపలికి వచ్చి తలుపు పైఅంచు చేత్తో తడిమారు, తలెత్తి చూశారు. పై నేల బరువుకు కుంగి తలుపు చట్రాన్ని నొక్కుతోందట. పాపను తీసుకుని బయటికి నడవమన్నారు. చెప్పులైనా లేకుండా పైకి వెళ్ళారు. మెట్ల దాకా పై ఫ్లాటాయన గొంతే వినిపించింది. "మా తిండిగింజలు మా ఇంట్లో పెట్టుకోవడానికి కూడా మిమ్మల్ని అడగాలాండీ?"

బాబాయి గారు కిందికి దిగారు. మా గదిలోకి కుర్చీ లాక్కెళ్ళి, సరిగ్గా ఆ మూలన వేసుకుని కూర్చున్నారు. బస్తాలు దించేదాకా లేవనని పైకి కబురు పెట్టారు. నేను గుమ్మంలో నిలబడి లేవమని బతిమాలాను. ఆయన తలెత్తి సీలింగ్ వంకే చూస్తున్నారు.

"నాకూ భయంగానే ఉందమ్మాయ్" అన్నారు. "కింద మనిషున్నాడని తెలిస్తే ఆయన త్వరగా దించుతాడు."

పై ఫ్లాటాయన విసుక్కుంటూ చూడ్డానికి వచ్చాడు. కుర్చీలోని మనిషిని చూశాడు, పక్కనున్న చిన్న మంచాన్నీ చూశాడు. వెనక్కి తిరిగి పైకి వెళ్ళాడు. బస్తాలు ఒక్కొక్కటే మోసి అన్ని గదుల్లోకీ సర్దినంతసేపూ నేను పాపను చంకనేసుకుని నడవాలోనే తిరిగాను. సాయంత్రానికి తలుపు మామూలుగా పడింది. అప్పటినుంచి ఏటా బియ్యం రాగానే బాబాయి గారు పైకి వెళ్ళి, ఏ గోడ వెంట ఎన్ని పెట్టాలో చూపించి వచ్చేవారు. నేను ఆ పూట నిశ్చింతగా నిద్రపోయేదాన్ని. ఆ నిద్రకు ఆయనకు ఎన్ని నమస్కారాలు పెట్టినా తక్కువే.

పెద్దకర్మ అయ్యాక పిన్ని గారిని వాళ్ళ చెల్లెలు తనతో తీసుకెళ్ళింది. నిన్న బియ్యం వచ్చింది. పై ఫ్లాటాయన సగం బస్తాలతో లిఫ్ట్ మా అంతస్తులో ఆపి, నా గుమ్మం ముందు నిలబడ్డాడు.

"ఈసారి మా చెల్లెలి వాళ్ళవి కూడా ఉన్నాయండీ. ఎక్కడెక్కడ పెట్టమంటారు?"

అన్నీ ఒకే మూలన మాత్రం పేర్చొద్దన్నాను. అది తనకూ తెలుసునన్నాడు. "ఎన్ని పెడితే ఫరవాలేదంటారు?"

నాకేం తెలుసు? బాబాయి గారు వేలు చూపించిన చోటల్లా బస్తా పడేది, ఆ లెక్క ఏమిటని మేం ఒక్కసారైనా అడిగిన పాపాన పోలేదు. ఇద్దరం ఎదురు ఫ్లాట్ వైపు చూశాం. తాళం వేసి ఉంది. వెనకాల లిఫ్ట్ తలుపు బస్తాకు తగిలి, మూసుకోబోయి తెరుచుకుంటూ, మళ్ళీ మూసుకోబోతూ ఉంది.