కూర్మయ్య మేస్త్రి రెండు వేళ్లు

ముందే చెప్పేస్తే తరువాత మాట పడక్కర్లేదు. నేను కోతలు కోస్తాను. చీమ కుట్టిందని రాయబోతే అది నా కలంలో గండుచీమ అవుతుంది, పేరా ముగిసేలోపు దానికి మీసాలు కూడా మొలుస్తాయి. పత్రికలవాళ్లు దీన్ని హాస్యమని అచ్చు వేస్తారు. మా ఆవిడ రోగమంటుంది. కాబట్టి ఇందులో ఏదైనా మరీ ఎత్తుగా కనిపిస్తే మీకు తోచినంత తగ్గించుకుని చదువుకోండి. ఏది కల్పించానో చివర్లో నేనే చెప్పేస్తాను. ఆ మాట కూడా కోతే అనుకుంటే మీ ఇష్టం.

ఇవాళ పొద్దున్న విశాఖపట్నంలో మా వీధి మొగలో ఇటుకల లారీ ఒకటి గోతిలో దిగి పైకి లేచింది. లేస్తూ కిర్రుమని పెద్దగా మూలిగింది. బండి బరువును మోసే కమాను పట్టీలు, అదే, ఇరుసు మీద ఒకదానిపై ఒకటి పేర్చి కట్టే వంపు తిరిగిన ఉక్కు పట్టీలు, నూనె లేక ఎండిపోయి రాసుకుంటే వచ్చే మూలుగది. వెనకాలే తుప్పూ మాడిన ఇంజనాయిలూ కలిసిన వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. నేను కాఫీ గ్లాసు చేత్తో పట్టుకునే "పట్టీల మధ్య నూనెగుడ్డ పెట్టించవయ్యా, పాపం ఏడుస్తున్నాయి!" అని అరిచాను. డ్రైవరు నన్ను జాలిగా చూసి వెళ్లిపోయాడు. అతని తప్పు కాదు. అతను కూర్మయ్య మేస్త్రిని ఎరగడు. మీరూ ఎరగరు. అందుకే ఇది రాయడం.

దేశానికి స్వతంత్రం వచ్చి ఏడెనిమిదేళ్లయిన రోజులు. నాకు ఇరవై నాలుగేళ్లు. టెక్కలిలో ఒక డాక్టరు గారి దగ్గర కాంపౌండరూ నేనే, డ్రైవరూ నేనే. యుద్ధం ముగిశాక మిలిటరీవాళ్లు వేలం వేస్తే కొన్న జీపు ఆయనది. అది బర్మా అడవుల్లో జపానువాళ్లను తరుముకుంటూ వెళ్లిందని టెక్కలి అంతటికీ చెప్పింది నేనే. రుజువుగా తలుపు దగ్గరి తూటా రంధ్రం చూపించేవాణ్ణి. రంధ్రం ఉన్న మాట నిజం. తుప్పు తినేసి పడింది. డాక్టరు గారు నెమ్మదైన మనిషి. జీపు కదిలితే నిద్రపోయేవారు, ఆగితే లేచేవారు. తప్పు చేస్తే కసిరి ఊరుకునేవారు గానీ అబద్ధం మాత్రం సహించేవారు కాదు. నాకు ముందున్న కాంపౌండరు సూది మరగబెట్టకుండానే మరగబెట్టానన్నాడని ఆ పూటే పంపించేశారు. మా ఇంట్లో జీతం తెచ్చేవాణ్ణి నేనొక్కణ్ణే. ఇది గుర్తుపెట్టుకోండి.

ఒకనాటి మధ్యాహ్నం పూండి అవతల ఉద్దానంలో, సముద్రపొడ్డున ఉన్న ఒక పల్లె నుంచి కబురొచ్చింది. తొలికాన్పు, కష్టంగా ఉంది, రమ్మన్నారు. బయల్దేరాం. డాక్టరు గారు యథాప్రకారం నిద్ర. జీడితోటల మధ్య ఇసక దారిలో మా ముందు ఒక ఎడ్లబండి వెళ్తోంది. హారను కొట్టాను. ఎద్దులకు హారనంటే లెక్కలేదు. జపానువాళ్లను తరిమిన జీపు ఎద్దుల తోకలు చూస్తూ నడవాలా? పౌరుషం పొడుచుకొచ్చి, దారి వదిలేసి పక్కనున్న దిబ్బ మీంచి చుట్టేద్దామనుకున్నాను. జీపు దిబ్బెక్కి, పొట్ట ఇసకలో ఆనించి, సుఖంగా పడుకుంది. ఎడ్లబండి దాని దారిన అది వెళ్లిపోయింది.

జీపు ఆగిందిగా, డాక్టరు గారు లేచారు. "ఏమైందోయ్?"

"దారికి అడ్డంగా దిబ్బండి. నడుమెత్తు. ఈ జీపు పొట్ట కిందికుంది, ఏం చేస్తాం?" అన్నాను. చుట్టూ ఇసకే. ఏది దారో ఏది దిబ్బో అప్పుడే నిద్రలేచిన మనిషికి ఏం తెలుస్తుంది? ఆయన బ్యాగు భుజాన వేసుకుని, బూట్ల నిండా ఇసకతో అక్కణ్ణుంచి నడిచారు. పల్లె చేరేసరికి తల్లీ పిల్లాడూ క్షేమం. మంత్రసాని ముసలమ్మ గుమ్మంలో కూర్చుని చుట్ట కాలుస్తోందట. "ఏటి బాబూ, ఇప్పుడా రావడం? పిల్లడు మీకన్నా ముందొచ్చీసినాడు!" అందట. వాడంతట వాడు వచ్చాడు కాబట్టి నవ్వులాటయింది. రాకపోతే ఏమయ్యేదో నేను ఆ రాత్రంతా ఆలోచించాను. డాక్టరు గారు కూడా ఆలోచించినట్టున్నారు. పొద్దున్నే, "జీపు జానెడు పైకి ఎత్తించు. పలాస తీసుకెళ్లు," అన్నారు.

పలాస పక్కన కాశీబుగ్గలో తాటాకుల పాక కింద కూర్మయ్య మేస్త్రి కొలిమి. తాతల నాడు బండిచక్రాలకు ఇనపకట్లు వేసిన కుటుంబం. లారీలొచ్చాక ఆయన కమాన్లలోకి దిగాడు. మనిషి పొట్టి. మీసాలు మాత్రం జీపు బంపరంత. (తగ్గించుకోండి.) టేపు వాడేవాడు కాదు. అన్నీ వేళ్లతో కొలిచేవాడు. "టేపు బజార్లో దొరుకుతాది బాబూ. ఏళ్లు నాయి," అనేవాడు.

"జానెడా? ఎందుకు?" అన్నాడు.

"ఉద్దానంలో నడుమెత్తు దిబ్బలున్నాయి మేస్త్రీ."

"నడుమెవుడిది? నాదా, నీదా?"

"నాదే."

ఆయన నా నడుం చూశాడు, జీపును చూశాడు. "ఆ ఎత్తు దాటాలంటే జీపు సాలదు. ఏనుగుని కొనమను మీ డాకటేరు బాబుని. సరే గానీ, ఈ బండి రోజూ ఎక్కడెక్కడ తిరుగుతాది? ఉన్నదున్నట్టు సెప్పు."

చెప్పాను. రోజూ టెక్కలి బజారు, వారానికి మూడుసార్లు పలాస రోడ్డు, నౌపడలో ఉప్పు మళ్ల పనివాళ్ల దగ్గరికి ఒకసారి, సోమవారం డాక్టరు గారి తల్లిని రావివలస ఎండల మల్లన్న దగ్గరికి తీసుకెళ్లడం. ఉద్దానం ఇసకలోకి ఎప్పుడో నెలకి రెండు మూడు సార్లు.

"అంటే నెలకి మూడ్రోజుల ఇసక కోసం ఇరవై ఏడ్రోజులు గాల్లో తిరుగుతారా?" అన్నాడు మేస్త్రి. ఆ తరవాత ఆయన చేసిన పని ఇంకే మెకానిక్కూ చేయగా నేను చూడలేదు. ఎండు కొబ్బరి ఈనెలు తెచ్చి, రెండు వేళ్లవి, మూడు వేళ్లవి, బెత్తెడువి, జానెడువి వేరువేరుగా కత్తిరించి, జీపు పొట్ట కింద దువ్వెన పళ్లలా వరసగా కట్టాడు. కొనలకు తడి సున్నం రాశాడు. "వారం రోజులు తిరుగు. ఏ ఈనె కొన సున్నం పోతే అంతకాడికి నేల తగలొచ్చినట్టు. రోజూ సాయంత్రం సూసి, మళ్లీ సున్నం రాయి. ఎత్తు ఎంత గావాలో నువ్వు సెప్పొద్దు, నాను సెప్పను. రోడ్డే సెప్తాది."

ఆ వారం నా పరువు ఉద్దానం ఇసకలో కలిసింది. జీపు కింద చీపురుతో టెక్కలి బజారులో వెళ్తుంటే కొట్ల వాళ్లంతా లేచి నిలబడేవారు. "ఏటి మావా, జపానోళ్లని తరవడం అయిపోనాదా? ఇప్పుడు రోడ్లు తుడుత్తన్నారా?" అని కిళ్లీకొట్టువాడు. "మా గుమ్మం ముందు కూడా ఓ సారి తిప్పు బావా!" అని టీకొట్టువాడు. నేను చూసీచూడనట్టు స్టీరింగు మీదికి వంగిపోయేవాణ్ణి. సాయంత్రం మాత్రం డాక్టరు గారూ నేనూ నేలమీద బోర్లా పడుకుని ఈనెలు చదివేవాళ్లం. టెక్కలి, ఒక్కటీ చెరగలేదు. పలాస రోడ్డు, చెరగలేదు. నౌపడ రైలు గేటు దగ్గర జానెడు ఈనె ఒక్కదాని కొన మాత్రం చెరిగింది. డాక్టరు గారికి ఇది రోగుల నాడి కన్నా ఆసక్తిగా తయారై, జీపులో నిద్రపోవడం మానేశారు. నాకు నిద్ర పట్టడం మానేసింది. వారం చివర మేస్త్రి స్వయంగా ఉద్దానం వస్తానన్నాడు మరి. ఆ దారి తన నిజం తను చెప్పేస్తుంది. నా సంగతి సున్నంతో రాసిపెట్టినట్టే.

ఈలోగా ఆదివారం ఇంకో ముచ్చట. జానెడు ఎత్తితే ఎలా ఉంటుందో చూడమని మేస్త్రి టెక్కలి వచ్చి, జీపును జానెడెత్తు కొయ్య దుంగల మీదికి ఎక్కించి, "ఎక్కండి మామ్మగోరూ," అన్నాడు. డాక్టరు గారి తల్లికి డెబ్బై దాటాయి. ఒక కాలు పైన పెట్టారు, రెండోది రాలేదు. పెట్టిన కాలు దిగనూ లేదు. నేను ముందు నుంచీ డాక్టరు గారు వెనక నుంచీ పట్టుకుంటే, ఆవిడ మధ్యలో ఆగి, "ఒరే, ఎండల మల్లన్న అంతవాడే నెత్తిన కప్పు కూడా లేకుండా నేలమీద కూర్చున్నాడురా. ఆయన్ని చూడ్డానికి నేను మేడెక్కి వెళ్లాలా?" అన్నారు. డాక్టరు గారే ఎక్కబోతే పంచె చిరిగింది. మేస్త్రి మీసం కదపకుండా నన్ను పిలిచాడు. "ఎత్తితే ఇదొక్కటే కాదు. ఎత్తిన బండి మలుపులో తూలుతాది. పట్టీలు ఎక్కువేత్తే గట్టిబడి రోజూ నడుం ఇరగ్గొడతాది. ఎత్తడం ఎవుడైనా ఎత్తుతాడు. ఎంతకాడ ఆపాలో తెలవాల."

ఆఖరి రోజు ఉద్దానం వెళ్లాం. దారి పొడుగునా బండిచక్రాలు తొలిచిన గాళ్ల మధ్య ఇసక గట్టు. పొట్టి ఈనెలు కూడా అక్కడక్కడా రాసుకుంటున్న చప్పుడు. నా గుండె అంతకన్నా గట్టిగా రాసుకుంటోంది. పల్లె దగ్గర పడింది. నడుమెత్తు దిబ్బ మాత్రం రాలేదు.

"ఏదోయ్ నీ దిబ్బ?" అన్నారు డాక్టరు గారు, కళ్లు పూర్తిగా తెరిచి.

జీపు ఆపాను. మేస్త్రి దిగాడు. దారి పక్కన ఇరవై గజాల అవతల దిబ్బ వాలులో విరిగిన జీడికొమ్మ ఒకటి, ఆ రోజు జీపును బయటికి లాగడానికి చక్రాల కింద పల్లెవాళ్లు వేసిన కొబ్బరి కమ్మలు సగం పూడిపోయి కనిపిస్తున్నాయి. ఆయన వాటిని చూశాడు. తరవాత నన్ను చూశాడు. మొత్తం తెలిసిపోయింది. నాకు మా అమ్మ, ఖాళీ బియ్యం డబ్బా, సూది మరగబెట్టని ఆ పాత కాంపౌండరు వరసగా కళ్లముందు మెదిలారు.

మేస్త్రి మీసం సవరించుకుని, "ఈ ఇసకదిబ్బలు నడుత్తాయి బాబుగోరూ," అన్నాడు తాపీగా. "గాలికి. ఆ రోజు దారిలో ఉన్నట్టుంది. ఇప్పుడు అక్కడికి ఎలిపోనాది, సూడండి." డాక్టరు గారు ఆ దిబ్బకేసి చాలాసేపు చూసి, "చిత్రమే," అన్నారు. తిరుగు దారిలో మేస్త్రి నా చెవిలో, "నువ్వు దాన్నెంత ఎత్తినావో నాను దాన్నంత దూరం నడిపించినాను. ఇంకెప్పుడూ కొలవకుండా సెప్పకు," అన్నాడు.

ఎత్తు తేలింది: రెండు వేళ్లు. అదీ కొత్తగా ఎత్తింది కాదు. ఏళ్ల తరబడి బరువు మోసి పట్టీల వంపు చదునైపోయింది. ఆయన వాటిని విప్పి, కొలిమిలో ఎర్రగా కాల్చి, సుత్తితో మళ్లీ వంపు తెచ్చి, నూనెలో ముంచి, మధ్యలో నూనెగుడ్డ పెట్టి కట్టేసరికి పోయిన రెండు వేళ్లూ తిరిగొచ్చాయి. ఇసకలోకి దిగేముందు టైర్లలో గాలి సగం తియ్యడం, బండిచక్రాల గాళ్లు వదలకపోవడం నాకు నేర్పాడు. "మిగతా జానెడూ డ్రైవరులో ఉండాల," అన్నాడు. నెల తిరక్కుండా అదే పల్లె నుంచి ఇంకో కాన్పు కబురు. ఈసారి దారిలో ఎడ్లబండి కనిపిస్తే దాని వెనకే బుద్ధిగా నడిచాను. ముసలమ్మ చుట్ట తీసి, "ఓలమ్మ, ఈసారి బాబుగోరే ముందొచ్చీసినారు!" అంది. గంట తరవాత లోపల్నుంచి పిల్ల ఏడుపు వినిపించింది. ఆ పిల్ల అడ్డం తిరిగిందనీ, ఇంకాస్త ఆలస్యమైతే తల్లి దక్కేది కాదనీ డాక్టరు గారు జీపెక్కాక చెప్పారు. దారంతా నేను ఒక్క కోతా కోయలేదు. నా విషయంలో ఇది నమ్మశక్యం కాదని తెలుసు, అయినా నిజం.

తరవాత ఉద్యోగం మారింది, ఊరు మారింది, కోతలు కోయడమే వృత్తయింది. కూర్మయ్య మేస్త్రి పోయాడన్న కబురు నాకు ఆలస్యంగా తెలిసింది. ఇప్పటికీ నా రాతబల్ల మీద ఒక ఎండు కొబ్బరి ఈనె ఉంటుంది, కరెక్టుగా రెండు వేళ్ల పొడవు. రాసింది చదువుకునేటప్పుడు దాన్ని చేతిలో తిప్పుతుంటాను. మీసాల చీమ నేల విడిచి ఎంత పైకి వెళ్లిందో, మామ్మగారు ఎక్కగలరో లేదో చూసుకుంటాను. చాలాసార్లు ఎక్కలేరు. అప్పుడు కొట్టేస్తాను.

ఇక ఒప్పుకున్న ప్రకారం. చీపురు నిజం. చిరిగిన పంచె నిజం. మల్లన్న గురించి మామ్మగారన్న మాట అక్షరాలా నిజం. కల్పించింది ఒక్కటే: నడిచే దిబ్బ. మేస్త్రి ఆ మాట అనలేదు. జీవితంలో ఒక్క కొలతా తప్పు చెప్పని మనిషి నా కోసం ఎందుకు చెబుతాడు? చేతిలో సున్నం గిన్నె పట్టుకుని, నాకేసి చూస్తూ నిలబడ్డాడంతే. ఆ నిలబడడం నేను ఎంతసేపు భరించానో తెలియదు. చివరికి, "దారిలో దిబ్బ లేదండి. ఎడ్లబండిని దాటబోయి నేనే దారి వదిలేశాను," అని నా నోరే చెప్పింది. ఉద్యోగం పోయిందనుకుని జీపు తాళం తీసి డాక్టరు గారి చేతిలో పెట్టాను.

ఆయన తాళం కాసేపు అటూ ఇటూ తిప్పి, మళ్లీ నా చేతిలోనే పెట్టారు. "అయితే దారిలో గట్టు అసలెంత ఎత్తు తగులుతోంది? అది చెప్పు."

నేను జీపు కిందికి దూరి, ఈనెలు చూసి వచ్చాను. "రెండు వేళ్లండి."

నిజానికి మూడు. అలవాటు లేని పని కదా, తగ్గించి చెప్పడంలో కూడా కాస్త ఎక్కువ చేశాను.