నాలుగు గొట్టాల బండి యుద్ధానికి వెళ్లిందా?

అనుమానం పెనుభూతం అంటారు. ఈ ఫిట్టరుకు మాత్రం ముప్పై రెండేళ్లు అదే తిండి పెట్టింది. సైన్యం వర్క్‌షాపులో అతని పని, ఇంకొకరు బిగించిన నట్లు నిజంగా బిగిశాయో లేదో చూడటం. బిగిసిందని తేలాక నట్టు మీంచి పక్కనున్న ఇనుము మీదకు ఎర్ర రంగుతో సన్నగా ఒక గీత గీసేవాడు. ఆ తర్వాత నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత విరిగి పట్టిస్తుంది. ‘బిగించాను సార్’ అనే మాట అతని చెవికి ఎక్కేది కాదు. గీత చూపించమనేవాడు. అతని చేతి మీదుగా వెళ్లిన బండి దారిలో ఆగిందని ఎవరూ చెప్పగా వినలేదు.

చిక్కల్లా ఆ గీత ఇంటికి కూడా రావడంతో వచ్చింది. గ్యాస్ రెగ్యులేటర్ మీద గీత. బిస్కెట్ల డబ్బా మూత మీద గీత. పాలవాడు గిన్నెలో పాలు పోయకముందే ఇతను జేబులోంచి లాక్టోమీటరు తీసేవాడు. దేవుడు ప్రత్యక్షమైనా గుర్తింపు కార్డు అడుగుతాడని ఇరుగుపొరుగు చెప్పుకునేవాళ్లు. ఆ మాటకు అతని భార్య కూడా నవ్వేది, పెళ్లయిన మొదటి పదేళ్లు.

అతని అనుమానాలన్నిటిలోకీ పెద్దది మామగారి మీద. పెద్దాయన వాళ్లింట్లోనే వీధివైపు గదిలో ఉండేవాడు. వయసులో ఉండగా విమానాలను కూల్చే బండి మీద గన్నరు. గొలుసు చక్రాల మీద నడిచే ఉక్కు పెట్టె, దాని పైన గుండ్రంగా తిరిగే గోపురం, అందులోంచి ఆకాశం వైపు చూసే నాలుగు తుపాకి గొట్టాలు. ఆ గోపురంలో కూర్చుని తాను యుద్ధం చేశానని పెద్దాయన చెప్పేవాడు. మూడో రోజు పొద్దున ఒక బాంబు ముక్క ఎడమవైపు ఉక్కును చీల్చుకుని లోపలికి వచ్చిందని, పక్కనున్న జోడీదారు కుర్రాడు తన ఒళ్లోనే పోయాడని, రెండు రోజుల్లో బండికి అతుకు వేయించుకుని మళ్లీ వెళ్లామని.

ఫిట్టరు వింటూ లెక్కపెట్టేవాడు. పెళ్లయిన కొత్తలో మామగారు మూడు విమానాలు వచ్చాయన్నాడు. మనవరాలు పుట్టేసరికి ఐదయ్యాయి. ఆ పిల్ల కాలేజీకి వెళ్లేనాటికి ఏడు. జోడీదారు పోయిన సంగతి మాత్రం ఎప్పుడూ ఒకేలా చెప్పాడు, కానీ మారనిదాన్ని లెక్కపెట్టే అలవాటు ఫిట్టరుకు లేదు. మామగారు కోతలరాయుడని నిశ్చయించేసుకున్నాడు. పైకి అనలేదు గానీ, విమానాల దగ్గరికి వచ్చేసరికి అతను దగ్గే దగ్గు ఇంట్లో అందరికీ అర్థమయ్యేది.

రిటైరయ్యాక అతన్ని ఊళ్లోని యుద్ధ మ్యూజియం వాళ్లు పిలిచారు. ఆవరణలో ఉన్న పద్నాలుగు పాత బండ్లకు తుప్పు పట్టకుండా చూడాలి. వాటిలో నాలుగు గొట్టాల బండి ఒకటుంది. పెద్దాయన దాన్ని చూసిన రోజున నిచ్చెన వేయించుకుని పైకెక్కి, గోపురం ఎడమవైపు అతుకును అరచేత్తో తడిమి, ఇదే నా బండి అన్నాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం వెళ్లేవాడు. బడిపిల్లలు వస్తే చుట్టూ చేర్చుకుని కథ చెప్పేవాడు. ఫిట్టరు దూరంగా నిలబడి, అతుకు శిక్షణలో గోడకు గుద్దుకున్నా పడుతుందిగా అనుకునేవాడు.

ఒక ఏడాది మ్యూజియం అధికారిణి పాత బోర్డులు తీసేసి కొత్తవి పెట్టించాలనుకుంది. ఈ బండి యుద్ధంలో పాల్గొన్నదని పాత బోర్డు మీద ఉంది. అది నిజమైతే కింద పెద్దాయన పేరు, జోడీదారు పేరు కూడా రాయిస్తానంది. ఆ కుర్రాడి పేరు అప్పటిదాకా ఎక్కడా ఎక్కలేదు. అతనికి నా అన్నవాళ్లు లేరు. పెద్దాయన ఆ రోజు ఇంటికొచ్చి ఒక కాగితం మీద ఆ పేరును నాలుగుసార్లు రాసి చూసుకున్నాడు, అక్షరం తప్పు పోకూడదని.

నిజమో కాదో తేల్చే పని ఫిట్టరు మీద పడింది. అతను బండి కిందికి దూరి, రంగు గీకి, ఉక్కు పెట్టెకు బిగించిన పలక చదివాడు. తయారైన సంవత్సరం స్పష్టంగా ఉంది. యుద్ధం ముగిసిన రెండేళ్ల తర్వాతిది. అతనికి గుండె ఝల్లుమనలేదు. నిజం చెప్పాలంటే కాస్త తృప్తి కలిగింది. ఇన్నేళ్ల దగ్గు ఊరికే పోలేదు. ఈ బండి యుద్ధానికి వెళ్లలేదని రాసి, కింద సంతకం పెట్టాడు.

భార్య ఒక్క మాట అడిగింది, నాన్నను ఒకసారి అడిగి రాయాల్సిందేమో అని. అడగడానికేముంది, పలక అబద్ధం చెప్పదు కదా అన్నాడు.

పెద్దాయన తగువు పెట్టుకోలేదు. పలక మీది సంవత్సరం ఎంతో రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు. ఆదివారాలు మ్యూజియానికి వెళ్లడం మానేశాడు. తర్వాత అంతకంటే పాడు పని జరిగింది. ఆయన తననే అనుమానించుకోవడం మొదలుపెట్టాడు. మనవరాలు ఫోన్ చేసి యుద్ధం సంగతి ఎత్తితే, ఏమోనమ్మా, వెళ్లామనే అనుకుంటున్నాను అన్నాడు. కూతురు గదిలోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చింది. ఫిట్టరు ఆ ఏడుపు విన్నాడు. విని, తాను రాసింది తప్పు కాదు కదా అని తనకు తానే మూడుసార్లు చెప్పుకున్నాడు.

నాలుగు నెలలకు, వానలకు ఆ బండి లోపల నీళ్లు నిలిచాయి. గోపురానికీ పెట్టెకూ మధ్య రబ్బరు పట్టీ చివికిపోయింది. అది మార్చాలంటే గోపురాన్ని క్రేనుతో పైకి లేపాలి. లేపారు. ఫిట్టరు దాని కిందికి వెళ్లి, అడుగున ఉన్న ఉక్కు చట్రాన్ని గుడ్డతో తుడిచాడు. గోపురానికి వేరే నంబరు, వేరే తయారీ సంవత్సరం ఉన్నాయి. కింది పెట్టె కంటే అది నాలుగేళ్లు పెద్దది. అతుకుకు సరిగ్గా కింద, రణరంగంలో బాగుచేసేవాళ్లు ఉలితో కొట్టే గుర్తు కూడా ఉంది. యూనిట్ నంబరు, తేదీ. ఆ తేదీ యుద్ధం మొదలైన ఐదో రోజుది.

అతను ఆ గుర్తును మళ్లీ ఒకసారి తుడిచి చదివాడు. కింది పెట్టె అరిగిపోతే, బాగున్న గోపురాన్ని తీసి కొత్త పెట్టె మీద కూర్చోబెట్టడం వర్క్‌షాపులో మామూలే. తన చేతులతోనే డజను బండ్లకు చేశాడు. అయితే వర్క్‌షాపు రిజిస్టరులో పెట్టె నంబరే బండి నంబరు, పైన ఉన్నది విడిభాగం. ముప్పై రెండేళ్లు అలా రాసీ రాసీ అతని బుర్రలోనూ బండి అంటే కింది సగమే అయింది. గన్నరుకు బండి అంటే తాను కూర్చున్న గోపురమే. ఆ మాట అడిగితే మామగారే చెప్పేవాడు.

అధికారిణికి ఆ గుర్తు చూపించి, అంతా చెప్పి, తాను రాసినది తప్పని మళ్లీ రాసిచ్చాడు. గోపురం యుద్ధానికి వెళ్లింది, కింది పెట్టె వెళ్లలేదు, అని బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు వేయిస్తానని, రెండు పేర్లూ ఉంటాయని ఆవిడ మాటిచ్చింది. గోపురాన్ని తిరిగి దించారు. క్రేను వెళ్లిపోయింది.

మధ్యాహ్నం పెద్దాయన గదిలో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. ఫిట్టరు మంచం అంచున కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. ఫోనులో ఆ గుర్తు ఫోటో తెరిచి చూపించాడు. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

“ఉలితో నంబరు కొట్టడం నీకూ వచ్చుగా అల్లుడూ,” అన్నాడు.

ఫిట్టరు తెల్లబోయాడు. అధికారిణి కూడా చూసిందన్నాడు. ఆవిడకు తెలిసేదేముంది, నువ్వేది చెబితే అదేగా అన్నాడు పెద్దాయన. ఆ గొంతులో కోపం లేదు.

“మా అమ్మాయి ఏడుస్తోందని చేశావు. నాకు తెలుసులే. ఈ వయసులో జాలిపడి ఇచ్చింది నాకొద్దు. నా ఒళ్లో పోయినవాడి పేరు పక్కన అసలే వద్దు.”

ఫిట్టరు ఫోను జేబులో పెట్టుకున్నాడు. చూపించడానికి ఏముంది? ఏది చూపించినా అది అతని చేతులు చేయగల పనే. అతనికి సిగ్గేసింది. ఆ సిగ్గు ముఖం మీదకు రావడం అతనికే తెలుస్తోంది. మంచం మీంచి లేచి, మామగారి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

“నేను చేయలేదు మావయ్యా. నా మాట నమ్మండి,” అన్నాడు. ఆ మాట ఎవరితోనైనా అనడం అతనికి అదే మొదటిసారి.

పెద్దాయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. అల్లుడి ముఖంలోకి ఫోటోను చూసినంతసేపూ చూశాడు.

“సరే, నమ్మాను. నువ్వు చెప్పావు, అది చాలు నాకు,” అన్నాడు. “మరి నేను చెప్పింది ఇన్నేళ్లూ నీకెందుకు చాలలేదయ్యా?”