మామగారి చెవి

ఆ ఊళ్లో రూలు ఒకటే. పైపులు ఎవరు వేసినా, లైసెన్సున్న ప్లంబరు వచ్చి, నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి చూసి సరేనన్నాకే గోడ మూయాలి.

అల్లుడికి లైసెన్సు లేదు. రెండుసార్లు పరీక్ష తప్పాడు. పనితనం ఉంది గానీ ఓపిక బొత్తిగా లేదు. ఇన్నాళ్లూ మామగారి లైసెన్సు మీదే నెట్టుకొచ్చాడు. మామగారు వట్టి చాదస్తం మనిషి. ఎడమ చెవి గోడకు ఆనించి, ఊపిరి బిగబట్టి వినేవాడు. చుక్క కారినా తెలిసిపోయేది.

ఏడాది క్రితం పొరుగూరు వెళ్లిన ఆయన అక్కడే పోయాడు. ఆ సంగతి లైసెన్సులిచ్చే ఆఫీసుకు చెబితే లైసెన్సు రద్దవుతుంది, ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు. అందుకే అల్లుడు నోరు మెదపలేదు. మామగారికి ఒంట్లో బాగోలేదని అందరికీ చెప్పి, తనే చకచకా గోడలు మూసేస్తున్నాడు.

"నాన్న పేరు వాడొద్దండీ, నాకు భయంగా ఉంది" అంది భార్య.

"ఆయనొచ్చి అడుగుతాడా ఏంటి?" అని నవ్వేశాడు. అంత మాట అనకుండా ఉండాల్సింది.

ఒక మధ్యాహ్నం, అతను వంటింటి గోడ మూసి వచ్చిన ఇంటి నుంచి పిలుపొచ్చింది. వెళ్లేసరికి ఆ ఇంటావిడ పసిబిడ్డను జోకొడుతోంది.

"గోడ పగలగొట్టాలట" అంది.

"ఎవరన్నారమ్మా?"

"మీ మామగారే. పొద్దున వచ్చారు. పాపం, చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. ఇక్కడ ఎడమ చెవి పెట్టి చాలాసేపు విన్నారు. కుళాయి నీళ్లు బిడ్డకు పట్టొద్దన్నారు."

ఆమె చూపించిన చోట చిన్న తడి మరక ఉంది. అల్లుడు ఉలి పెట్టి గోడ తవ్వాడు. మంచినీళ్ల పైపు అతుక్కి గమ్ము సగమే అంటింది. దాన్ని ఆనుకునే ఉన్న మురుగు పైపూ కారుతోంది. సరఫరా ఆగినప్పుడల్లా ఆ మురుగు మంచినీళ్లలోకి చేరుతుంది. బిడ్డ ముఖం చూడలేకపోయాడు. సిగ్గుతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కూర్చోమంటే వినలేదండీ ఆయన" అంది ఆమె. "మా అల్లుడు మూసిన గోడలన్నీ వింటే గానీ పడుకోనమ్మా అని వెళ్లిపోయారు."

బయటికొచ్చి భార్యకు ఫోన్ చేశాడు.

"రేపే ఆఫీసుకెళ్లి మామయ్య పోయారని చెప్పేస్తాను. నా పని పోయినా సరే."

అటునుంచి భార్య గొంతు గుసగుసగా వినిపించింది.

"గట్టిగా మాట్లాడకండి. నాన్న మన వంటింటి గోడ వింటున్నారు."