రెండో చెంచా

ఉడుకుతున్న ఈ గిన్నె ఆవిరి మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: నేను చెప్పబోయే ప్రతి అక్షరమూ నిజం. నా మాటల్లో సగం తీసేసి వినే అలవాటున్న మిత్రులు ఈ ఒక్కసారికి ఆ అలవాటు మానుకోవాలి.

చాండ్లర్ అనే ఈ అమెరికా ఎడారి ఊళ్లో, మా వంటింట్లో ఇప్పుడు రుటబాగా ఉడుకుతోంది. ఎరగనివాళ్లకు చెబుతాను: పసిపిల్లవాడి తలకాయంత దుంప, పైన ఊదారంగు, లోపల లేత పసుపు. ఎండిపోకుండా పూసిన మైనంతో శవం మొహంలా మెరుస్తుంటుంది. దాని వాసన క్యాబేజీకీ తడిమట్టికీ మధ్యన ఉంటుంది. ఆ వాసన తగిలితే చాలు, ఎస్తేరక్క నా వెనకే నిలబడి "తొందరపడకు" అన్నట్టుంటుంది. ఆవిడ పోయి ఆరేళ్లయింది.

డెబ్బై తొమ్మిది చలికాలం, మినెసోటా. గ్రీన్‌కార్డ్ వచ్చిన నెలకే నా ఇంజనీర్ ఉద్యోగం ఊడింది. మరో ఉద్యోగం దొరికేదాకా ఒక వృద్ధాశ్రమం వంటగదిలో చేరాను. అక్కడ పెద్ద వంటమనిషి ఎస్తేరక్క, నరసాపురం మనిషి. ఆదివారాలు నాలుగు కుటుంబాలను తన ఇంట్లో కూర్చోబెట్టి తెలుగులో ప్రార్థన నడిపేది. పక్కింటివాళ్ల కేక్ బాగాలేకపోతే మొహమాటానికైనా బాగుందని అనని మనిషి.

పన్నెండో గదిలో నిల్స్ అనే నార్వే ముసలాయన ఉండేవాడు. గొంతు పట్టు తప్పి ఏదీ మింగలేకపోతున్నాడు. శుక్రవారంలోగా నోటితో తినకపోతే ముక్కులోంచి గొట్టం వేస్తామన్నాడు డాక్టర్. గొట్టం వద్దని ఆయన ఎస్తేరక్క చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. కావాలన్నది ఒక్కటే, భార్య ఆస్ట్రిడ్ చేసినట్టు మెత్తగా మెదిపిన రుటబాగా. ఆస్ట్రిడ్ చనిపోయి అప్పటికి మూడేళ్లు.

బుధవారం అది నేనే చేశాను. పప్పు ఉడికిన నీళ్లు పారబోసే ఇంట్లో పుట్టలేదు కదా! సారమంతా అందులోనే ఉంటుందని ఆ నీళ్లతోనే మెదిపేశాను. నోట్లో పెట్టగానే ముద్ద ఒకవైపు, నీళ్లు ఒకవైపు అయి, ఆ నీళ్లు ఊపిరిలోకి దిగాయి. ఆయన పెదాలు నీలమయ్యాయి. ఎస్తేరక్క ఆయన వీపు తట్టి, తల వంచి, ఎలాగో బయటపడేసింది.

"ఏవయ్యా సూర్యం, ముద్దపప్పనుకున్నావా? మనిషిని చంపేసేవాడివి!"

ఆ మధ్యాహ్నమే నన్ను పక్కన నిలబెట్టుకుని మళ్లీ చేసింది. తొక్క మందంగా చెక్కి, ముక్కలన్నీ ఒకే సైజులో కోసి, చాకు అడ్డు లేకుండా దిగేదాకా ఉడికించి, చుక్క లేకుండా వార్చింది. వార్చిన ముక్కలతోనే గిన్నెను మళ్లీ సన్నసెగ మీద పెట్టింది.

"చెవి ఇటు పెట్టు. మూలుగుతోందా?"

మూలిగింది. జ్వరంలో ఉన్న మనిషి నిద్రలో మూలిగినట్టు, సన్నగా, గిన్నె అడుగునుంచి. నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

"లోపల ఇంకా నీళ్లున్నాయన్నమాట. అది ఆగాకే మెదపాలి."

మూలుగు ఆగింది. నరసాపురం నుంచి తెచ్చుకున్న పప్పుగుత్తితో వేడివేడిగా మెదిపి, పీచు లేకుండా జల్లెడలో వత్తి, వెన్న కలిపింది. చెంచా తిరగేసినా జారలేదు.

గురువారం అలాగే చేసి తీసుకెళ్లాం. నిల్స్ మంచం పక్కన ఖాళీ కుర్చీ వైపు చూస్తున్నాడు.

"ఆస్ట్రిడ్‌కి చెంచా ఏదీ? ఆవిడ రుచి చూడనిదే నేనెప్పుడూ తినలేదు."

గిన్నె పక్కన రెండో చెంచా పెట్టాం. ముద్ద చల్లారిపోయింది, చెంచా శుభ్రంగానే ఉంది. "ఇవాళ ఆవిడకి ఆకలి లేదు," అని ఆయన నోరు మూసుకున్నాడు. ఆయన చూపు మాత్రం కుర్చీలోంచి లేచి, మెల్లగా గది దాటి, తలుపు దగ్గర ఆగింది. అక్కడ నేనే నిలబడి ఉన్నాను. పక్కకు తప్పుకున్నాను.

నడవాలోకి వచ్చాక, "అక్కా, ఆ చెంచాకి కాస్త పూసేస్తే పోదూ?" అన్నాను.

"బైబిల్ పట్టే చేత్తో మోసం చెయ్యమంటావా? నోర్మూసుకో."

శుక్రవారం. మధ్యాహ్నం మూడింటికే కిటికీలో మంచు బూడిదరంగుకి తిరిగింది. సాయంత్రం డాక్టర్ వస్తాడు. నిల్స్ కునుకు తీస్తుంటే గిన్నె, రెండు చెంచాలు పెట్టి, ఇద్దరం భోజనాలు తోసుకెళ్లే బండి కోసం బయటికి వచ్చాం. తిరిగి వెళ్లేసరికి రెండో చెంచా మీద పసుపు మరక, దాని మీద పెదవుల గుర్తు! కుర్చీ మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. నిల్స్ కళ్లు తెరిచి చెంచా చూశాడు, నవ్వాడు. గిన్నె అంతా తిన్నాడు, ఒక్క దగ్గు లేదు. గొట్టం రాలేదు. వేసవి దాకా నోటితోనే తిని, నిద్రలో పోయాడు.

ఈ కథ, తలో వంటకం తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్‌లు ఎన్నింటిలో చెప్పానో! "అంకుల్, అగైన్, ఆ చెయిర్ పార్ట్ చెప్పండి," అని పిల్లలు దుప్పట్లు కప్పుకుని మరీ వినేవాళ్లు.

ఇక ప్రమాణం సంగతి. కుర్చీ వెచ్చగా ఉండటం నిజం. అందులో ఎవరూ కూర్చోలేదన్నదే నేను కల్పించింది. బండి కోసం వెళ్లింది నేనొక్కణ్ణే. తిరిగొస్తూ తలుపు అద్దంలోంచి చూశాను: ఎస్తేరక్క ఆ కుర్చీలో కూర్చుని, రెండో చెంచాతో ఒక ముద్ద తిని, చెంచా జాగ్రత్తగా యథాస్థానంలో పెట్టింది. తర్వాత చేతులు జోడించి చాలాసేపు కళ్లు మూసుకుంది.

బయటికొచ్చి నన్ను చూసింది.

"ఏం చూశావ్?"

"ఏం లేదక్కా."

"నువ్వు అబద్ధాలు బాగా ఆడతావ్ సూర్యం," అంది, కన్నీళ్లు తుడుచుకుంటూ. "ఇది కూడా బాగా ఆడు."

ఆవిడ ఉన్నన్నాళ్లూ ఆడాను. మా ఆవిడతో కూడా నిజం చెప్పలేదు. ఇప్పుడు రాసేశాను గానీ, రేపు ఏ పిల్లవాడైనా వచ్చి ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారని అడిగితే మాత్రం, ఎవరూ లేరనే చెబుతాను.