అక్క పెట్టిన పరీక్ష

అక్క పని ఆసుపత్రి లాండ్రీలో. చీము, నెత్తురు, వాంతి, ఏ దుప్పటి వచ్చినా ముక్కు చిట్లించకుండా మిషన్లో పడేసేది. ఆవిడకు రోత పుట్టించే పని ఇంటికొచ్చాకే మొదలయ్యేది. తమ్ముడి నోరు వాసన చూడాలి.

తమ్ముడు బల్లలకూ కుర్చీలకూ లక్క పాలిష్ పట్టేవాడు. తాగుడు మాన్పించే కేంద్రం నుంచి వచ్చి ఎనిమిది నెలలైంది. పుట్టింట్లో ఉన్న అతని భార్య ఏడాది ఆగి చూస్తానంది. ఆ చూడటం కాస్తా అక్క నెత్తిన పడేసి, వారం వారం ఫోన్ చేసి "వాసనేమైనా తగిలిందా వదినా?" అని అడిగేది.

కేంద్రంలో కౌన్సిలర్ ముందే చెప్పాడు. "కాపలా కాయకండమ్మా. తాగాలనిపించినప్పుడు మీతో చెప్పుకోగలగాలి, అంతే." అక్క బుద్ధిగా తలూపింది. గేటు దాటగానే, తాగుబోతు మాటకంటే నా ముక్కు నయం అనుకుంది. ఆ ముక్కు మీద ఆవిడకున్న నమ్మకం అలాంటిది మరి.

లక్కను కరిగించేది స్పిరిట్‌లో. అతని ఒళ్ళంతా అదే కంపు. అందుకని అక్క ఒక పద్ధతి పెట్టింది. ముందు చొక్కా విప్పి బయట పడెయ్యాలి. కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్దాలి. ఆ తర్వాత గడప ముందు నిలబడి నోరు తెరవాలి. నలభై ఏళ్ళ మనిషి, కళ్ళు మూసుకుని మరీ తెరిచేవాడు. గార పట్టిన పళ్ళు, బీడీ కంపు, మొహాన కొట్టే ఎంగిలి ఆవిరి. ఆవిడ మొహం పక్కకు తిప్పుకునేది. "ఛీ, లోపలికి పో" అనేది. తాగలేదన్న తీర్పు అతనికి అందేది ఆ ఛీత్కారంతోనే.

ఆ సాయంత్రం తమ్ముడు చొక్కా విప్పలేదు.

"అక్కా, మేస్త్రీ ఇవాళ స్పిరిట్ డబ్బా నా చేతికే వదిలేసి పోయాడు. మధ్యాహ్నం నుంచీ నాకు..."

"కథలు తర్వాత. నోరు తెరువు."

తెరిచాడు. చొక్కా మీది స్పిరిట్ సరే, నోట్లో మాత్రం బీడీ తప్ప ఏం లేదు. "బతికించావు, పో" అని అక్క ఫోనందుకుని మరదలికి చల్లని కబురు చెప్పింది. వచ్చే నెలలోనే వచ్చెయ్యమని కూడా అనేసింది.

ఫోన్ పెట్టి చూస్తే తమ్ముడు గడప దగ్గరే ఉన్నాడు. చొక్కా కింద నడుము దగ్గర ఏదో ఎత్తుగా ఉంది. అక్క లాగింది. సీసా. నిండా పాలిష్ స్పిరిట్. మూత బిగించే ఉంది.

"ఇది విషం రా."

"తెలుసు."

"తెలిసి ఇంటికెందుకు తెచ్చావురా?"

"దారిలో పారబొయ్యడానికి చేతులు రాలేదక్కా. నీకిచ్చేద్దామని వచ్చాను. నువ్వేమో నోరు తెరవమన్నావు."

అక్కకు మళ్ళీ రోత పుట్టింది. ఈసారి తన మీద తనకే. సీసా తీసుకెళ్ళి పెరటి కాలువలో ఒంపి, నీళ్ళు గుమ్మరించి వచ్చింది. చొక్కాతోనే అతన్ని లోపలికి లాక్కొచ్చి, మంచం మీద పక్కనే కూర్చుంది.

"మధ్యాహ్నం నుంచి ఏమైందో చెప్పరా, వింటాను."

తమ్ముడు నోరు తెరిచాడు. అలవాటు కొద్దీ కళ్ళు మూసుకుని, ఆవిడ ముక్కు కేసి మొహం పెట్టాడు.