అశోక్‌నగర్‌లో ఎర్ర లైటు

మే నెల మొదటి సోమవారం, ఉదయం ఎనిమిదికి అశోక్‌నగర్‌లో డ్యూటీలో చేరాను. సైన్యంలో హవల్దారుగా రిటైరయ్యాక ఇదే నా మొదటి పోస్టింగ్: ఎండలో పనిచేసే కూలీలకు వడదెబ్బ తగలకుండా చూడటం. చిక్కడపల్లిలోని మా ఇంటి నుంచి నడక దూరం. ఎదురుగా సగం లేచిన హాస్టల్ బిల్డింగ్. చెట్టు నీడ లేదు, గాలి లేదు. ఎండ మాత్రం ఎడారి సరిహద్దులో నేను తిన్నదానికి ఏమాత్రం తీసిపోదు.

నా కిట్: ఫోను, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, నీళ్ల క్యాన్లు, కూలీల ముంజేతికి కట్టే పట్టీలు. పట్టీలు తయారుచేసిందీ, నన్ను పనిలో పెట్టుకున్నదీ నారాయణగూడలోని ఓ చిన్న కంపెనీ. అవి నాడిని, ఒంటి వేడిని కనిపెడుతుంటాయి. వడదెబ్బ తగలబోయే ముందే ఎర్ర లైటు వెలుగుతుంది, నా ఫోన్ మోగుతుంది. లైటు వెలిగిన మనిషిని నీడలో కూర్చోబెట్టి నీళ్లు తాగించాలి. అదే ఆర్డరు.

మొదటి వారంలోనే నాకు నిలకడ పోయింది. మధ్యాహ్నమయ్యేసరికి ఆడవాళ్ల పట్టీలన్నీ ఎర్రబడేవి. మగవాళ్లవి ఒకటీ అరా. పట్టీ డిజైన్ చేసిన అమ్మాయికి ఫోన్ చేశాను.

"సన్నటి చేతులకు సెన్సర్ సరిగ్గ ఆనుతలేదేమో అంకుల్. మారుస్త."

మార్చింది. మళ్లీ మార్చింది. అయినా అవే లైట్లు. నేను మెట్లెక్కుతూ దిగుతూనే ఉన్నాను.

పాలమూరు నుంచి వచ్చిన అంజమ్మ ఇసుక మోసేది. చీర మీద మగవాళ్ల చొక్కా. లైటు కనిపించాలని చొక్కా చేతులు మడిపించాను. ఓరోజు నేనిచ్చిన నీళ్లు పుక్కిట పట్టి, పక్కకు పోయి ఉమ్మేసింది. నాకు ఒళ్లు మండింది.

"తాగమంటే ఉమ్ముతున్నవేంది?"

"తాగితే యాడికి పోవాలె సారు? మొగోళ్లు గోడచాటుకు పోతరు. మేము పొద్దుగూకి ముషీరాబాద్ బస్తీకి పోయిందాంక ఆపుకోవాలె."

సిగ్గేసింది. వెంటనే డిజైనర్‌కు చెప్పాను: "పట్టీ మంచిగనే ఉందమ్మ. ఈడ బాత్రూమ్ లేదు."

"దానికి నేనేం డిజైన్ చెయ్యాలె అంకుల్?" అంది.

మేస్త్రీని అడిగాను. "స్లాబ్ పడ్డంక చూద్దం అన్న. జర ఆగు" అన్నాడు. సందులో తలుపు తలుపూ కొట్టాను. పగటిపూట ఈ ఆడవాళ్లను బాత్రూమ్‌కి రానివ్వమని బతిమాలాను. ఒక్కరూ ఒప్పుకోలేదు.

స్లాబ్ వేసే రోజు వచ్చింది. మెట్ల పొడుగునా కూలీలు వరసగా నిలబడి కాంక్రీటు తట్టలు చేతులు మార్చుకుంటున్నారు. వరసలో ఒకరు కదిలినా పని ఆగుతుంది, మేస్త్రీ తిట్లు మొదలవుతాయి. పన్నెండు దాటాక ఫోన్ మోగింది. అంజమ్మ పట్టీ. మూడో అంతస్తుకు పరుగెత్తాను. నేను అందుకునేలోపే కూలబడింది. ఒళ్లు పెనంలా కాలుతోంది. ఎత్తుకుని దింపి, ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాం. ప్రాణం దక్కింది. మాట మాత్రం తడబడుతోందని, ఇంటివాళ్లు ఊరికి తీసుకుపోయారని తర్వాత కూలీలు చెప్పారు. మర్నాడే ఓ మూలన రేకులతో బాత్రూమ్ కట్టారు.

వానలు మొదలయ్యాక డ్యూటీ ముగిసింది. పట్టీలు నారాయణగూడలో అప్పగించి ఇంటికి నడిచాను. ఇప్పుడు ఆ హాస్టల్‌కు పెద్ద బోర్డుంది, గదికో బాత్రూమ్ అని. నేను ఆ సందులోకి పోలేక చుట్టూ తిరిగి పోతున్నాను.

ఇంట్లో కూర్చున్నా కుదురు లేదు. స్లాబ్ వేసిన ఆ మధ్యాహ్నం నేను మెట్లెక్కి వస్తుంటే అంజమ్మ నన్ను చూసింది. చేతిలోని తట్ట పైకి అందించింది. ఇంకో తట్ట వచ్చేలోపు, మడిచిన చొక్కా చేతిని గబగబా లైటు మీదికి లాక్కుంది.